టీబీ మందులు మధ్యలో మానేశారు, ఇప్పుడు మళ్లీ దగ్గు: ఇది మొండి టీబీయేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. మా ఆయన లారీ నడుపుతారు, 39 ఏళ్లు. 2021లో ఊపిరితిత్తుల టీబీ అని సర్కారు దవాఖానాలో మందులిచ్చారు. నాలుగు నెలలు వాడాక దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, లైన్ మీదికి వెళ్తే కుదరడం లేదని మానేశారు. ఇన్నాళ్లూ బాగానే ఉన్నారు. నెలన్నర నుంచి మళ్లీ దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది, ప్యాంట్లు వదులైపోయాయి. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు ‘పాత మందులే మళ్లీ మొదలుపెట్టు, తోడుగా సూదులేస్తా’ అంటున్నారు. అప్పటి మాత్రలు మూడు షీట్లు ఇంట్లోనే ఉన్నాయి. మా అత్తమ్మేమో ‘నడుమల మానేసినవ్, ఇగ ఏ మందూ పనిచెయ్యది’ అని రోజూ ఏడుస్తోంది, ఆయన పళ్లెం, గ్లాసు వేరు చేసింది. మాకు నాలుగేళ్ల పాప ఉంది. మానేసినందుకే మొండి టీబీ అయిందా? ఇప్పుడు ఏం చెయ్యాలి?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ఆ మూడు షీట్లలోంచి ఒక్క మాత్ర కూడా ఆయన్ని వేసుకోనివ్వకండి. అలాగని పారేయకండి కూడా. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సంచిలో పడేసుకుని వెళ్లండి. రేకు వెనకాల ఏ మందో, ఎంత మోతాదో అచ్చు వేసి ఉంటుంది, ఆయన అప్పట్లో వాడినదేమిటో డాక్టరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆర్‌ఎంపీ గారి సూదులు కూడా వద్దు. ముందు కళ్లె పరీక్ష, ఆ తరువాతే మందు. నేను చెప్పాల్సిన అసలు మాట ఇదే. కానీ మీ ఉత్తరంలో భయం ఉంది, మీ అత్తమ్మ మాటల్లో నింద ఉంది, ఆ రెండూ ఇంట్లో ఉండగా మీ ఆయన ఆసుపత్రి మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

టీబీ మందుల్లో రెండు గట్టివి ఉన్నాయి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఈ రెండింటికీ లొంగని క్రిమి ఉంటే దాన్ని మేం ఎండీఆర్ టీబీ అంటాం, పేపర్లలో మొండి టీబీ అని రాస్తుంటారు. మీ ఆయనకు అది ఉందో లేదో దగ్గు విని చెప్పలేం, ఎక్స్‌రే చూసి చెప్పలేం, నాలుగు నెలలే వాడారు కాబట్టి కచ్చితంగా ఉండి ఉంటుందని అసలే చెప్పలేం. ఇదివరకు టీబీ మందులు వాడినవాళ్లలో అది ఎక్కువన్న మాట మాత్రం నిజం. 2014 నుంచి 2016 దాకా మన దేశంలో జాతీయ స్థాయిలో ఒక సర్వే చేశారు. ఎప్పుడూ మందు వాడని కొత్త రోగుల్లో ఎండీఆర్ 2.84 శాతం మందికి కనిపిస్తే, ఇదివరకు వాడినవాళ్లలో 11.62 శాతం మందికి కనిపించింది. అంటే నాలుగు రెట్లు. ఆ అంకెనే మీ అత్తమ్మకు ఇటువైపు నుంచి చెప్పి చూడండి: ఒకసారి మందులు వాడి మళ్లీ జబ్బు తెచ్చుకున్న వంద మందిలో 88 మందికి ఎండీఆర్ లేదు. ‘ఇక ఏ మందూ పనిచెయ్యదు’ అన్న మాటకు ఆధారం లేదు.

అలాగని పాత మందులే కళ్లు మూసుకుని వేసుకోవచ్చని కాదు. అదే సర్వేలో, టీబీ మందుల్లో ఏదో ఒకదానికైనా లొంగని క్రిమి ఉన్నవాళ్లు పాత రోగుల్లో దాదాపు 37 శాతం ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఎండీఆర్ దాకా వెళ్లలేదు గానీ ఒక మందైనా అప్పటికే చేతులెత్తేసింది అన్నమాట. వాళ్లకు అదే పాత కోర్సు ఇస్తే ఏమవుతుందో తెలియాలంటే అసలు క్రిమి మొండికెయ్యడం ఎలా మొదలవుతుందో చూడాలి.

ఊపిరితిత్తిలో టీబీ ముదిరి గుల్ల పడితే ఆ ఒక్క గుల్లలోనే పది కోట్ల క్రిములుండొచ్చు. అన్ని కోట్లు పెరిగేటప్పుడు అక్కడక్కడా ఒకటి తేడాగా పుడుతుంది. ఇంచుమించు పది లక్షల్లో ఒకటి ఐసోనియాజిడ్‌కు లొంగనిది, పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్‌కు లొంగనిది. మందు ముఖం చూడని మనిషిలో కూడా ఇవి ఉంటాయి, మందు వీటిని పుట్టించదు. మరి రెండింటికీ ఒకేసారి లొంగనిది పుట్టాలంటే? ఆ రెండు లెక్కలూ హెచ్చిస్తే కోటి కోట్లలో ఒకటి అవుతుంది, అన్ని క్రిములు మనిషి ఒంట్లో పట్టవు. అందుకే టీబీకి ఎప్పుడూ ఒక్క మందు ఇవ్వం, నాలుగు కలిపి ఇస్తాం. ఒకదాన్నుంచి తప్పించుకున్నది ఇంకోదానికి దొరికిపోతుంది. ఒక్క మందే పనిచేస్తున్న పరిస్థితి వచ్చిందా, అది మామూలు క్రిముల్ని చంపేసి లొంగనివాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. ఏటా ఒకే కలుపు మందు కొట్టిన చేలో చివరికి ఆ మందుకు చావని కలుపే మిగిలినట్టు.

ఇది ఊహ కాదు, మందు పుట్టిన తొలినాళ్లలోనే బయటపడింది. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. ఆరు నెలలకు రోగులు చక్కగా కోలుకున్నారు, చాలామందిలో ఆలోపే క్రిమి ఆ మందుకు లొంగడం మానేసింది కూడా. ఐదేళ్ల తరువాత చూస్తే మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ చావుల్లో పెద్ద తేడా లేదు. ఇంకో మందు తోడిచ్చాకే పరిస్థితి మారింది. మీ ఇంట్లో మూలుగుతున్న మూడు షీట్ల మీద నాకెందుకంత భయమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వాటిలోని ఒకటి రెండు మందులకు క్రిమి ఇప్పటికే లొంగకపోతే, ఆయన మింగేది పేరుకు మూడు నాలుగు మందులైనా నిజానికి పనిచేసేది ఒకటే కావచ్చు. స్ట్రెప్టోమైసిన్ కథ మీ ఇంట్లో మళ్లీ మొదలవుతుంది. పైగా మూడు షీట్లు ఎన్నాళ్లొస్తాయి?

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: మధ్యలో మానేసినందుకేనా?

నిజం చెప్పాలంటే, అన్ని మందులూ ఒకే రోజు పూర్తిగా మానేసిన మనిషికి జబ్బు తిరగబెట్టే ప్రమాదమే ఎక్కువ, అలా తిరగబెట్టిన క్రిమి చాలాసార్లు మళ్లీ అవే మందులకు లొంగుతుంది. టీబీ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది, ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, కొన్నయితే అసలు కదలకుండా నెలల తరబడి నిద్రపోతుంటాయి, మందు పనిచేసేది ముఖ్యంగా కదిలేవాటి మీద. దగ్గు కొన్ని వారాల్లోనే పోతుంది, నిద్రపోయేవాటిని ఏరెయ్యడానికి మాత్రం ఆరు నెలలు కావాలి. నాలుగో నెల్లో మానేస్తే ఆ మిగిలినవి ఎప్పుడో లేస్తాయి, అంతే. అసలు ప్రమాదం వాడీ వాడక వాడటంలో ఉంది: వారం వేసుకుని పది రోజులు మానెయ్యడం, నాలుగు వేసుకోవాల్సిన చోట కడుపులో తిప్పుతోందని రెండే వేసుకోవడం, ఎర్ర మాత్ర పడదని అది ఒక్కటీ తీసేసి మిగతావి మింగడం, ఒంట్లో బాగా లేనప్పుడు నాలుగు రోజులు వేసుకుని తగ్గగానే దాచిపెట్టడం. క్రిమికి మందు రుచి చూపిస్తూ చంపకుండా వదిలెయ్యడం ఇదంతా.

కాబట్టి ఆయన్ని కూర్చోబెట్టి, అరవకుండా, ఆ నాలుగు నెలలూ ఎలా వాడారో అడగండి. రోజుకు ఎన్ని మాత్రలు ఇచ్చారు, ఎన్ని వేసుకున్నారు? లైన్ మీద ఉన్నప్పుడు షీటు వెంట తీసుకెళ్లేవారా, ఇంట్లో వదిలేసేవారా? ఇప్పుడిచ్చే మాత్రలో మందులన్నీ కలిపే ఉంటాయి, బరువును బట్టి సంఖ్య మారుతుంది: 35 నుంచి 49 కిలోల మనిషికి రోజుకు మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని మింగే అవకాశం లేకుండా చేశారు గానీ, నాలుగుకు బదులు రెండు మింగేవాళ్లను ఏ కంపెనీ ఆపగలదు? ఇలాంటివి డాక్టరు అడిగితే చాలామంది ‘అన్నీ కరెక్టుగానే వేసుకున్నానండీ’ అనేస్తారు, తిడతారని భయం. కొందరైతే ‘ఇదివరకు టీబీ మందులు వాడారా?’ అంటే లేదనే చెప్పేస్తారు, ప్రైవేటులో రెండు నెలలు వాడింది లెక్కలోకి రాదనుకుంటారు. వస్తుంది. నెల రోజులు, అంతకు మించి ఎక్కడ వాడినా, ఎవరు ఇచ్చినా, మా లెక్కలో ఆ మనిషి పాత రోగే. ఆ నిజం ఒక్కటి దాస్తే మిగతా వైద్యమంతా దారి తప్పే ప్రమాదం ఉంది.

మీ అత్తమ్మ నింద సగం తప్పు అని నేననడానికి ఇంకో కారణం ఉంది. సర్వేలో కొత్త రోగుల్లో 2.84 శాతం అన్నాను కదా, వాళ్లు ఏ మందూ మానెయ్యలేదు, అసలు మొదలే పెట్టలేదు. ఎవరో దగ్గిన గాలిలోంచి మొండి క్రిమినే నేరుగా పీల్చుకున్నారు. కొత్త రోగుల సంఖ్య పాత రోగులకంటే చాలా ఎక్కువ కాబట్టి, శాతం తక్కువైనా తలలు లెక్కపెడితే అది చిన్న గుంపేమీ కాదు. మీ ఆయన సంగతే చూడండి. టీబీ తిరగబెట్టేది సాధారణంగా మందులు ఆపిన మొదటి ఏడాదో రెండేళ్లో. ఇన్నేళ్ల తరువాత వచ్చిందంటే పాతదే లేచి ఉండొచ్చు, ఏ ఢాబా దగ్గరో, ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కొత్తగా అంటుకున్నదీ కావచ్చు. ఒకసారి వచ్చి తగ్గితే ఇక రాదన్న రక్షణ టీబీకి లేదు. ఇంకా ఒక మాట, మందులు ఒక్క పూట కూడా తప్పకుండా వాడినవాళ్లలోనూ కొందరికి మొండి టీబీ అయింది. మొదట్లోనే ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి ఉండి, ఆ పరీక్ష ఎవరూ చెయ్యక, మామూలు కోర్సే ఇచ్చేస్తే తప్పు ఎవరిది? రోగిది మాత్రం కాదు. ‘మందులు సరిగ్గా వాడలేదు’ అనే మాట మా వాళ్ల నోట చాలా తేలిగ్గా వస్తుంది. వినేవాళ్లు కూడా తేలిగ్గా నమ్మేస్తారు.

ఆర్‌ఎంపీ గారి సలహా విషయానికి వద్దాం. ఆయన గాలిలోంచి పుట్టించిన మాట కాదది. ఒకప్పుడు సర్కారు పద్ధతే అది. క్యాట్-2 అనేవాళ్లం, మీ ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టీబీ రెండోసారి వస్తే పరీక్షతో పని లేకుండా అవే మందులకు రెండు నెలల స్ట్రెప్టోమైసిన్ సూది కలిపి ఎనిమిది నెలలు ఇచ్చేవాళ్లు. అప్పుడు మందులు కూడా రోజు విడిచి రోజు. మొండి క్రిమిని కనిపెట్టే పరీక్షలు చేతికి అందని రోజుల్లో వేరే దారి లేక పెట్టుకున్న పద్ధతి. పనిచెయ్యని వైద్యానికి ఒకే ఒక్క కొత్త మందు తగిలిస్తే ఏమవుతుందో పైన స్ట్రెప్టోమైసిన్ కథలోనే చూశారు: ఆ కొత్తదీ పోతుంది. అందుకే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కోర్సు వాడొద్దంది. అదే ఏడాది మన దేశమంతా రోజూ వేసుకునే మాత్రలకు మారింది, తరువాత క్యాట్-2 కూడా పోయింది. ఆర్‌ఎంపీ గారికి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఆయన ఈ నెలన్నరలో దగ్గుకని ఏమేం రాసిచ్చారో కూడా చూడండి. లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి ఉంటే ఆ చీటీ డాక్టరుకు తప్పక చూపించాలి. ఇవి జలుబుకూ జ్వరానికీ ఊళ్లల్లో చాక్లెట్లలా పంచేస్తున్నారు గానీ, మొండి టీబీ వస్తే మేం ఆధారపడే మందుల కుటుంబం అదే. టీబీ ఉన్న మనిషికి అదొక్కటే ఇస్తే వారం రోజులు తగ్గినట్టే ఉంటుంది. పరీక్షలో క్రిమి దొరకడం ఆలస్యమవుతుంది, ఈలోగా ఆ మందుకు కూడా అది రాటుదేలుతుంది.

పరీక్ష సంగతి. మీ దగ్గరి పీహెచ్‌సీకి గానీ ఏరియా ఆసుపత్రిలోని టీబీ యూనిట్‌కు గానీ వెళ్లి, ‘2021లో టీబీ మందులు నాలుగు నెలలు వాడి మానేశారు, మళ్లీ లక్షణాలు వచ్చాయి, సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చెయ్యండి’ అని ఈ మాటలే చెప్పండి. రెండూ క్రిమి జన్యువును వెతికే పరీక్షలు, ట్రూనాట్ మన గోవాలో తయారైన యంత్రం. టీబీ ఉందా, ఉంటే రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది మెషీన్‌లో పెట్టాక రెండు మూడు గంటల్లో తేలుతుంది. సర్కారు దవాఖానాలో పైసా ఖర్చు లేదు. రక్త పరీక్షతో టీబీ తేల్చేస్తామని ప్రైవేటు ల్యాబ్ ఎవరైనా అంటే ఒప్పుకోకండి. యాంటీబాడీలు చూసే టీబీ రక్త పరీక్షల్ని 2012లోనే మన ప్రభుత్వం నిషేధించింది. టీబీ గోల్డ్ లాంటివేమో ఒకసారి టీబీ వచ్చిన మనిషిలో తగ్గిపోయాక కూడా పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు, ఇప్పుడు జబ్బు ఉందా లేదా చెప్పలేవు.

కళ్లె ఇవ్వడంలో సగం మంది తడబడతారు, డబ్బాలో ఉమ్మి వేసిచ్చేస్తారు, రిపోర్టు నెగటివ్ వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నీళ్లతో నోరు పుక్కిలించి ఊసెయ్యమనండి. ఇంటి బయట, గాలి ఆడే చోట, మీరూ పాపా దగ్గర్లో లేకుండా నిలబడాలి. రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, లోపలి నుంచి దగ్గితే చిక్కగా, జిగటగా, పచ్చగానో పసుపుగానో వస్తుంది, అదీ కళ్లె. పలచగా నురగలాగా ఉంటే అది ఉమ్మి, మళ్లీ ప్రయత్నించాలి. డబ్బా మూత గట్టిగా బిగించి అదే రోజు అందజెయ్యండి. కళ్లెలో నెత్తురు చారలు కనిపిస్తే మాత్రం పొద్దుటి దాకా ఆగకండి, ఎక్కువ పడితే అది ఎమర్జెన్సీ.

ఇక్కడ పాత రోగులకు రెండు చిక్కులున్నాయి, మీరు తెలుసుకుని ఉంటే మంచిది. మొదటిది, సీబీనాట్ క్రిమి జన్యువును చూస్తుంది గానీ అది బతికుందో చచ్చిందో చూడదు. గత ఐదేళ్లలో టీబీ వచ్చిన మనిషిలో చచ్చిన క్రిముల ముక్కలు ఇంకా మిగిలి ఉండి ‘చాలా కొద్దిగా ఉంది’ అన్నట్టు రిపోర్టు రావచ్చు. అలాంటప్పుడు కల్చర్ పెట్టి, బతికిన క్రిమి పెరుగుతుందేమో చూడాలి, దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. రెండోది ఎక్స్‌రే. ఒకసారి టీబీ వచ్చిన ఊపిరితిత్తిలో మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు, ఆ మచ్చ చూసి ‘మళ్లీ టీబీ’ అని మందులు మొదలుపెట్టేసిన కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పాత ఎక్స్‌రే ఉంటే తీసుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కొత్తగా ఏమొచ్చిందో తెలుస్తుంది. ఇది అసలు టీబీయే కాకపోవచ్చు కూడా. టీబీ పాడుచేసి వెళ్లిన చోట గాలి గొట్టాలు వెడల్పై కళ్లె పేరుకోవడం, పాత గుల్లలో ఫంగస్ చేరడం, బీడీ సిగరెట్ అలవాటుంటే ఇంకా పెద్ద అనుమానాలు, ఇవన్నీ ఇలాగే దగ్గుతో మొదలవుతాయి.

సీబీనాట్‌లో రిఫాంపిసిన్‌కు లొంగుతుంది అని వస్తే సంతోషమే గానీ అక్కడితో ఆగొద్దు. ఆ పరీక్ష ఐసోనియాజిడ్ సంగతి చెప్పదు. ‘ఎల్‌పీఏకి కూడా పంపారా అండీ?’ అని అడగండి, పెద్ద ల్యాబ్‌లో చేసే పరీక్ష అది, కొద్ది రోజుల్లో జవాబు వస్తుంది. ఐసోనియాజిడ్‌కు కూడా లొంగితే మామూలు ఆరు నెలల కోర్సే, అవే మాత్రలు, కాకపోతే ఈసారి ఆరో నెల ఆఖరి రోజు దాకా. రెండోసారి కాబట్టి ఆ మందుల పవర్ తగ్గిపోయిందేమో అని చాలామంది అడుగుతారు, క్రిమి లొంగుతున్నప్పుడు మందుకు మొదటిసారీ రెండోసారీ తెలియదు. ఐసోనియాజిడ్ ఒక్కదానికే లొంగకపోతే దాన్ని తీసేసి లెవోఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల కోర్సు ఉంది.

రిఫాంపిసిన్‌కు లొంగలేదని వస్తే? అప్పుడు కూడా మీ అత్తమ్మ అనుకుంటున్నంత చీకటి లేదు. ఆమె మనసులో ఉన్నది పాత రోజుల మొండి టీబీ అయి ఉంటుంది: రెండేళ్ల వైద్యం, మొదటి ఆరు నెలలు రోజూ సూది, ఆ సూదులకు కొందరికి చెవులే వినిపించకుండా పోయేవి. ఇప్పుడు బిడాక్విలిన్, ప్రిటోమనిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్సాసిన్ అనే నాలుగు మందుల కోర్సుకు 2024లో కేంద్రం అనుమతిచ్చింది, ఆరు నెలలు, సూది లేదు, అన్నీ నోటి మాత్రలే. అందరికీ సరిపడదు, సరిపడనివాళ్లకు తొమ్మిది నెలలదీ, పద్దెనిమిది నెలలకు పైగా సాగేదీ ఉన్నాయి. ఏది ఇవ్వాలో ఇంకొన్ని పరీక్షలు చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. మందులు ఉచితమే. సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పను. బిడాక్విలిన్‌కు గుండె ఈసీజీ మధ్యమధ్యలో తీయాలి, లినెజోలిడ్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కి మండటం, రక్తం తగ్గడం, చూపు మసకబారడం జరగొచ్చు. అరికాళ్ల మంట, కళ్ల మసక మొదలైన వారంలోనే చెప్పాలి, ఓర్చుకుని కూర్చుంటే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. కడుపులో తిప్పడం కూడా అంతే. 2021లో ఆ ముక్క నర్సుకో టీబీ సూపర్‌వైజర్‌కో చెప్పి ఉంటే మందు మార్చో, టైం మార్చో, తోడుగా ఇంకో మాత్ర ఇచ్చో సర్దేవాళ్లు. మద్యం తాగే అలవాటు ఉంటే ఆ సంగతి కూడా వాళ్లకే చెప్పండి, లివర్ మీద భారం రెట్టింపవుతుంది. షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు రాస్తే అనుమానించారని బాధపడకండి, ప్రతి టీబీ రోగికీ చేస్తారు. షుగరు అదుపులో లేకపోతే టీబీ తిరగబెట్టడం ఎక్కువ.

పళ్లెం, గ్లాసు విషయంలో మీ అత్తమ్మతో గొడవ పెట్టుకోనక్కర్లేదు గానీ దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. టీబీ గాలిలోంచి వస్తుంది. ఆయన తిన్న పళ్లెంలో పాప తింటే రాదు, ఆయన దగ్గే గదిలో కిటికీలు మూసి పాప రాత్రంతా పడుకుంటే వస్తుంది. పళ్లెం వేరు చేసిన ఇళ్లలో పడక వేరు చెయ్యకపోవడం నేను చాలా చూశాను. రిపోర్టు వచ్చి మందు మొదలై డాక్టరు చెప్పేదాకా ఆయన పడక వేరే గదిలోనో, వాకిట్లో గాలి తగిలే చోటో వెయ్యండి, ఇంట్లో నలుగురిలో ఉన్నప్పుడు మాస్కు పెట్టుకోమనండి. సరైన మందు పడ్డాక అంటించే గుణం త్వరగానే పడిపోతుంది. సరైన మందు కాకపోతే అది పడిపోదు, మందు వాడుతున్నారు కదా అని ఇంట్లో అందరూ ధైర్యంగా ఉంటారు. పరీక్ష ముందు అని నేను పట్టుబట్టడానికి పాప కూడా ఒక కారణం.

పాపనూ, మిమ్మల్నీ, అత్తమ్మనూ కూడా టీబీ యూనిట్‌లో చూపించండి. పాప బరువు పెరగకపోయినా, రెండు వారాలకు మించి దగ్గో జ్వరమో ఉన్నా ముందే చెప్పండి. జబ్బు లేదని తేలితే రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు, ఐదేళ్లలోపు పిల్లలకు అది మరీ ముఖ్యం. ఏ మందు ఇవ్వాలన్నది ఆయన రిపోర్టును బట్టి ఉంటుంది. మామూలు టీబీ అయితే ఐసోనియాజిడ్ రకం, మొండిదైతే అది పనికిరాదు, లెవోఫ్లాక్సాసిన్ లాంటిది కావాలి. కాబట్టి పాపకు మీ అంతట మీరు ఏదీ మొదలుపెట్టకండి.

ఇక ఆయన పని. మందులు అందకో, లైన్ మీద కుదరకో మానెయ్యాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఆయన పేరు 2021లోనే నిక్షయ్‌లో, అంటే టీబీ రోగుల వివరాలు రాసే సర్కారు ఆన్‌లైన్ రిజిస్టరులో, ఎక్కి ఉంటుంది, ఆ ఐడీ గానీ అప్పుడిచ్చిన ఫోన్ నంబరు గానీ చెబితే పాత రికార్డు తీస్తారు, అప్పట్లో సీబీనాట్ చేసి ఉంటే ఆ ఫలితం కూడా దొరకొచ్చు. లారీ పని అని ముందే చెబితే దారిలోకి సరిపడా మాత్రలు ఇప్పించుకోవచ్చు, ఇంకో ఊళ్లో ఉండిపోవాల్సి వస్తే అక్కడి టీబీ యూనిట్‌కు బదిలీ చేయించుకోవచ్చు. వైద్యం నడిచినన్నాళ్లూ నెలకు 1000 రూపాయలు పోషణ కోసం బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరు దాకా 500 ఉండేది, ఇప్పుడు పెంచారు. గుడ్లకూ పప్పుకూ సరిపోతుందా అంటే చెప్పలేను, డబ్బులు ఆలస్యంగా పడటం కూడా ఉంది, అయినా పాస్‌బుక్ కాపీ మొదటి రోజే ఇచ్చేయండి.

రిపోర్టు వచ్చేదాకా మాత్రం లోడు ఎత్తుకోవద్దనండి. అద్దాలు ఎక్కించుకుని, పక్కన మనిషిని పెట్టుకుని రాత్రంతా నడిపే క్యాబిన్‌లో ఒకరికి టీబీ ఉంటే రెండోవాళ్లకు అంటడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. మీరు రాయలేదు గానీ ఈ నెలన్నరలో ఆయన వెంట క్లీనర్ ఎవరైనా తిరిగి ఉంటే ఆ కుర్రాడికి కూడా ఫోన్ చేసి కళ్లె పరీక్షకు రమ్మనండి. టీబీ యూనిట్ ఎక్కడో తెలియకపోతే మీ ఊరి ఆశమ్మను అడగండి, లేదా నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666కు చెయ్యండి, అది ఉచితం. ఎల్‌పీఏ రిపోర్టు చేతికొచ్చాక దాని ఫోటో తీసి నాకు మళ్లీ రాయండి, పేరు, ఫోన్ నంబరు ఉన్న భాగం కనిపించకుండా.